ఎల్లన్న పాపం

ఫాదర్ నాలుగింటికి వస్తానన్నాడు. నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది. రాయప్ప మూడున్నరకే చర్చికి వచ్చి మగవాళ్ల వైపు నాలుగో బల్లమీద కూర్చున్నాడు, మోకాళ్లమీద అరచేతులు బోర్లించుకుని, ఎండలో నడిచొచ్చిన అరికాళ్లకు గచ్చు చల్లగా తగులుతున్నా హాయి అనిపించక. ఆడవాళ్ల వైపు చివర కనకవ్వ ఒక్కతే ఉంది. ఎల్లన్న భార్య. కొంగు నెత్తిమీదికి లాక్కుని పెదవులు కదుపుతోంది. ప్రతి శనివారం వస్తుందామె, చేసిన పాపాలు ఫాదర్‌కు చెప్పుకునే ఈ పాపసంకీర్తనానికి ఎవరు వచ్చినా రాకపోయినా. రాయప్ప అటు చూడలేదు. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే వరస కట్టుకుని వచ్చాడు. పోయిన శనివారం చెప్పుకున్నాక ఇది ఏడో రోజు. కోడలి మీద రెండుసార్లు కోపం. ఒక సాయంత్రం జపం తప్పింది. ఇవి ముందు చెప్పేసి, తరువాత అది చెప్పాలి. మొన్న గురువారం పెద్దపల్లిలో, ఫ్యాను కింద, ఒక ఆఫీసరు ఎదుట నిలబడి, నేను క్రైస్తవుణ్ణి కాను అన్నాను. అంతే, అంత చిన్న మాట. పిల్లలకు చిన్నజపాలు నేర్పిన నోటితోనే అన్నాడు. ముప్పై అయిదేళ్లు ఉపదేశిగా ఈ చర్చిలో, ఫాదర్ లేని ఆదివారాలు తానే జపాలు నడిపి, చచ్చిపోయేవాళ్ల మంచం పక్కన మోకరించి, పుట్టినవాళ్లకు పేర్లు చెప్పి, ఆ నోటితోనే.

ఎదురుగా పీఠం పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురెదురుగా, టీకొట్టు ముందు వేసినట్టు. పాపసంకీర్తనం ఇప్పుడు అలాగే. మొహం మొహం చూసుకుంటూ. చెక్కతో చేసిన పాత పెట్టె, జల్లెడ కిటికీ ఉన్నది, వెనకగదిలో సౌండుబాక్సుల కింద పడి ఉంది. దాంట్లో వైర్లు చుట్టి పెట్టుకుంటున్నారు. జల్లెడకు అటు ఎవరున్నారో తెలిసీ తెలియనట్టు ఉండేది, మనిషికి కాదు దేవుడికే చెప్పుకుంటున్నట్టు నోరు దానంతటదే తెరుచుకునేది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, మనుమడి వయసున్న ఫాదర్ కళ్లలోకి చూస్తూ చెప్పాలి. ఏమన్నా అంటే, తాతా, దేవుడు తండ్రి గదా, తండ్రికి భయపడుడేంది అంటాడు. భయం లేకుండా తండ్రేమిటి? రాయప్ప తండ్రి కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో తోళ్లు శుద్ధిచేసేవాడు. ఆయన దగ్గితే ఇల్లంతా నిశ్శబ్దమయ్యేది. ఆ పల్లెకే నెలకోసారి సైకిలు మీద తెల్లటి స్వామి వచ్చేవాడు, ఇటలీ దేశం ఫాదర్, ఎర్రటి మెడ, అంగీకి అంతా దుమ్ము. పూరిపాకలో పీఠం వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి, అర్థం కాని లాటిను మాటలు గొణిగేవాడు. అర్థం కాకపోవడమే బాగుండేది. ఏదో చాలా పెద్దది తమ పాకలోకి తల వంచుకుని వచ్చిందని ఎనిమిదేళ్ల రాయప్పకు ఒళ్లు జలదరించేది. రాత్రి నుంచి పచ్చినీళ్లు ముట్టకుండా, మోకాళ్లమీద, నాలుక చాపి ప్రసాదం తీసుకునేవారు. ఇప్పుడు చేతిలో పెడుతున్నారు. బజారులో బఠానీలు తీసుకున్నట్టు తీసుకుని నోట్లో వేసుకుంటూ నడిచిపోతున్నారు, కొందరైతే నమలుతూ. కీబోర్డు వాయించే వాళ్లు పూజ మధ్యలో ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. సెయింట్ల పేర్ల ముందు పెట్టే అర్చ్యశిష్ట అనే మాట పోయింది, పునీత అంటున్నారు. ప్రభువు శిష్యుడు పేతురునే పాతవాళ్లు రాయప్ప అనేవారు. ఇప్పుడు ఆ పేరు పెట్టమంటే తల్లులు మూతి విరుస్తారు. అర్చ్యశిష్ట రాయప్పగారి గద్దె మీద కూర్చున్న పోపుగారు కూడా పోయిన నెల, నాకు చేతకావట్లేదు అని దిగిపోయారు. టీవీలో చూపించారు, తెల్లంగీలో ముసలాయన హెలికాప్టరెక్కి పోవడం. బతికుండగా పోపుగారు దిగిపోవడం రాయప్ప ఎన్నడూ వినలేదు. వారం నుంచి పూజలో పోపుగారి పేరు దగ్గరికి వచ్చేసరికి ఫాదర్ ఆ మాట దాటేసి ముందుకు పోతున్నాడు. ఆ ఖాళీ దగ్గర రాయప్పకు ప్రతిరోజూ కాలు జారినట్టవుతోంది.

ఫాదర్ ఎక్కడున్నాడో తెలుసు. చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరంలో. గోడ అవతల నుంచి మైకు వినబడుతూనే ఉంది, మధ్యమధ్య గాలి మళ్లి తెగిపోతూ. పోయిన ఏడాది ఫాదర్ కూడా మైకు పట్టుకుని మాట్లాడాడు, జనం ఈలలు వేశారు. తప్పని కాదు. తెలంగాణ రావాలనే రాయప్పకూ ఉంది. సమ్మె రోజుల్లో బొగ్గుబావి దగ్గరికి పోయి కూర్చున్నవాడే. కానీ పూజారి పని అదా? ఉద్యోగాలు వస్తాయి, నీళ్లు వస్తాయి అని చెప్పడానికి వెయ్యిమంది ఉన్నారు. చస్తే ఎక్కడికి పోతావో చెప్పడానికి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ అక్కడికి పోయి కూర్చుంటే ఎట్లా? అదే చౌరస్తాలో ఆ శిబిరానికి ఎదురుగానే మెట్లెక్కి పోతే కడుపులో ఉన్నది ఆడపిల్లేమో చూసి చెప్పే దుకాణం ఉంది, బోర్డు మీద వేరే పేరు. వాళ్లెవరూ దాని గురించి మైకులో అనరు. క్రిస్మస్‌కు నాయకులు వస్తారు, కేకు కోస్తారు, దండ వేయించుకుంటారు, మీరు మా అన్నదమ్ములు అంటారు. ఆ అన్నదమ్ములే ఆఫీసులో కూర్చుని, క్రైస్తవుడివైతే ఎస్సీ కావు, బీసీ-సీ అని రాసుకో అంటారు. దేవుణ్ణి మార్చుకుంటే కులం పోతుందని కాగితం అంటుంది. బావిలో, షిఫ్టులో, టిఫిను డబ్బా తెరిచేచోట ఎవరి పక్కన ఎవరు కూర్చోరో రాయప్పకు తెలుసు, అక్కడ కులం ఎన్నడూ పోలేదు. ప్రతి ఆగస్టులో ఫాదర్లు నల్లబట్ట కట్టుకుని ఊరేగింపు తీస్తారు, ఈ చట్టం మార్చాలని. మారదు. మారనంతకాలం పిల్లలకు రెండు పేర్లు: చర్చి పుస్తకంలో ఒకటి, బడి పుస్తకంలో ఒకటి. రాయప్ప మనుమరాలు జ్ఞానస్నానంలో తెరేజమ్మ. బడిలో సంధ్యారాణి, హిందూ. ఈ సంగతి రాయప్పకు తెలియదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, తెలియనట్టే ఆయనా ఉన్నాడు. కాదనడానికి అదే మొదటి మెట్టు.

నెలన్నర కిందట సంధ్యారాణికి టీచరు ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో. ఇల్లు ఇల్లంతా వెలిగిపోయింది. జాబితాలో ఆమె కింద ఉన్నవాళ్లెవరో అర్జీ పెట్టారు, ఆ పిల్ల కిరస్తానీ అని, తాత చర్చిలో ఉపదేశి అని. ఇంటి పెద్దను తీసుకురమ్మని కాగితం వచ్చింది. కొడుకు సదానందం మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా, మొహమంతా నల్లగా, తండ్రి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"బాపూ, ఒక్క మాట చాలు. కాదని అను."

రాయప్ప దిండు పక్కనున్న జపమాల అందుకున్నాడు.

"నువ్వు అవునంటే దాని నౌకరి పోతది. కేసు గూడ పెడ్తరట. ఇరవై మూడేండ్ల పిల్ల. ఏం జెయ్యమంటవో నువ్వే జెప్పు."

పిల్ల తలుపు అవతల నిలబడి ఉంది. లోపలికి రాలేదు, అడగలేదు. అడిగితే కోప్పడి ఉండేవాడు, కోప్పడితే కాదని అనడం సులువయ్యేది. అది అడగకుండా, బడిలో మొదటి రోజు కట్టుకున్న చీర అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. దాన్ని ఎత్తుకుని ఈ గచ్చు మీదే తిరిగాడు. దాని నోట మొదటి మంగళవార్త జపం, దేవమాతకు చెప్పేది, పలికించింది తానే. 'వందనము' అనడం రాక 'వద్దనము' అనేది.

గురువారం పొద్దున మెడలోని ఉత్తరీయం, దేవమాత బొమ్మ కుట్టిన చిన్న గుడ్డముక్క, తీసి దిండు కింద పెట్టాడు. జేబులో కంపెనీ పాత గుర్తింపుకార్డు పెట్టుకున్నాడు. అందులో పేరు రాయమల్లు. అరవై ఆరులో బావిలో పెట్టుకునేనాడు రాసే ఆయన రాయప్పేంది, రాయమల్లు గదా అని తనే రాసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ల రాయప్పకు అప్పటికింకా చదువు రాదు, నౌకరి దొరికితే చాలని తల ఊపాడు. ముప్పైతొమ్మిదేళ్లు ఆ పేరుతోనే హాజరు పలికాడు. అది గుమాస్తా కలం చేసిన పని, నేను చేసింది కాదు అని ఎప్పుడూ అనుకునేవాడు. పెద్దపల్లి ఆఫీసు వరండాలో గంటసేపు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచారు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని, కూసో పెద్దమనిషీ అన్నాడు కూడా. రాయప్పే కూర్చోలేదు.

"నీ పేరేంది?"

"రాయమల్లు సార్."

"మీరు క్రైస్తవులని ఫిర్యాదొచ్చింది. అవునా?"

"కాదు సార్."

ఆఫీసరు రాసుకున్నాడు. కలం ఆగింది, మళ్లీ నడిచింది. ఇంకా అడుగుతాడని రాయప్ప చూశాడు. దేవుడెవరు, పండగేది, ఇంట్లో పటమేది, అన్నీ అడుగుతాడని సదానందం రాత్రంతా చెప్పి ఉంచాడు. ఏమీ అడగలేదు. ప్రభువును పట్టుకుపోయిన రాత్రి అర్చ్యశిష్ట రాయప్పగారిని, నువ్వు ఆయన మనిషివేనా అని మంట దగ్గర మూడుసార్లు అడిగారని పిల్లలకు వేళ్లు ముడిచి చెప్పేవాడు, మూడుసార్లు, అంటే మూడుసార్లు ఒప్పుకునే అవకాశం ఇచ్చారన్నమాట. తనను ఒక్కసారే అడిగారు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు, అయిపోయింది. తరువాతి మనిషిని పిలిచారు. బస్సులో సదానందం జామపండు కోసి ఇస్తే తిన్నాడు కూడా. ఇంటికి రాగానే సంధ్యారాణి కాళ్లమీద పడి తాతా అని ఏడిచింది, సంతోషంతో. అది ఏడుస్తుంటే దాని తల మీద చెయ్యి పెట్టాలి గదా, పెట్టాడు. ఆ పిల్ల మీద ఒక్క రవ్వ కోపం లేదు. అదే అర్థం కావడం లేదు. మళ్లీ అడిగితే మళ్లీ కాదనే అంటాడు. పాపానికి పశ్చాత్తాపం ఉండాలని తానే నేర్పాడు: ఇకమీదట చేయనని గట్టి నిర్ణయం ఉండాలి, లేకపోతే సంకీర్తనం చెల్లదు. ఆ నిర్ణయం ఎంత వెతికినా లోపల దొరకడం లేదు. ఆ రాత్రి నుంచి తిండి మాత్రం దిగడం లేదు.

ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, పీఠం మీది తెల్లబట్ట మీద సన్నటి నలుపు రాలింది. కనకవ్వ చెయ్యి గుండె మీద పెట్టుకుని తీసింది. అన్నమ్మ కూడా అలాగే పెట్టుకునేది. రాయప్ప భార్య. అప్పట్లో భూమిలోపలి బావులే, ఇంత చప్పుడు ఉండేది కాదు, ఐనా అన్నమ్మ ప్రతిదానికీ గుండె పట్టుకునేది. నాలుగో కాన్పులో మనిషి సగమైంది. మళ్లీ కాన్పు వస్తే తట్టుకోదని దవాఖాన నర్సు చెప్పింది. అవి ఎమర్జెన్సీ రోజులు, ఆపరేషన్ల కోసం ఇంటింటికీ తిరుగుతున్నారు, మగవాళ్లు చేయించుకున్నా సరే అన్నారు, పక్క క్వార్టర్లలో అందరూ చేయించుకున్నారు. తిరుసభ, అంటే పోపుగారి మతసంఘం, వద్దంది. రాయప్ప వద్దన్నాడు.  అన్నమ్మ ఒకసారి మాత్రం, పొయ్యి ముందు కూర్చుని, వెనక్కి తిరగకుండానే, "మీ దేవునికి ఆడోళ్ల సంగతి ఎవలన్న చెప్పిండ్రా?" అంది. ఆ మాటకు ఆమె చేత మర్నాడు సంకీర్తనం చెప్పించాడు. డెబ్బై ఏడు నవంబరులో ఐదో కాన్పు. పిల్ల కూడా దక్కలేదు. ఇద్దరినీ ఒకే గుంతలో పెట్టారు. అందరూ రాయప్ప ఏడుస్తాడని చూశారు. ఏడవలేదు. జపాలు తానే చెప్పాడు, ఒక్క మాట తడబడకుండా. ఆజ్ఞ అంటే ఆజ్ఞ. తాను తప్పలేదు. ఆ తరువాత ఎన్ని రాత్రులు నలుగురు పిల్లల మధ్య పడుకుని అదే అనుకున్నాడు, నేను తప్పలేదు, నేను తప్పలేదు. తప్పి ఉంటే అన్నమ్మ బతికేది అనే మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని జపమాల పట్టుకునేవాడు. ఆ మాట నిజమైతే ఇక దేనికీ అర్థం లేదు. కాబట్టి ఆజ్ఞ గట్టిగా ఉండాలి, అందరికీ ఉండాలి, ఎవరికీ సందు ఉండకూడదు.

అది జరిగిన రెండేళ్లకు ఎల్లన్న కాగితం సంగతి.

ఎల్లన్నా తానూ ఒకే బావిలో, ఒకే షిఫ్టులో పనిచేశారు. బావా అంటే బావా అనుకునేవారు. ఎల్లన్న మంచి పాటగాడు; ఈస్టరు ముందు తపస్సుకాలంలో ప్రభువు శ్రమల పాట ఎత్తుకుంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవారు. అతనికి ఒక్కతే కూతురు. పిల్ల చదువులో చురుకు. పెద్దపల్లిలో హాస్టలు సీటు కావాలంటే ఎస్సీ సర్టిఫికెట్టు కావాలి. ఎవరో పెద్దమనిషి, మళ్లీ హిందువులమైనమని నలుగురి ముందు ఒప్పుకుంటే రాయిస్తానన్నాడు. ఎల్లన్న పోయాడు. గుళ్లో కొబ్బరికాయ కొట్టాడు, బొట్టు పెట్టించుకున్నాడు, కాగితం తెచ్చుకున్నాడు. ఆదివారం ఎప్పటిలా చర్చికి వచ్చాడు, నుదురు శుభ్రంగా తుడుచుకుని. ప్రసాదానికి వరసలో నిలబడ్డాడు. రాయప్ప వరసలోకి పోయి అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చాడు. అందరూ చూస్తుండగా.

"దేవుణ్ణి ఇడిచిపెట్టినోనికి దేవుడెందుకు?" అన్నాడు.

ఎల్లన్న మెల్లగా అన్నాడు. "ఇడిచిపెట్టలే బావా. కాగితమే గద. కంపిన్ల నీ పేరు రాయమల్లే గద."

ఆ మాట నలుగురూ విన్నారు. రాయప్ప చెంపలు వేడెక్కాయి. ఇప్పుడు, అరవై ఎనిమిదేళ్ల వయసులో, నాలుగో బల్లమీద కూర్చుంటే ఆ వేడి మళ్లీ తెలిసింది. ఎల్లన్న అన్నది ఎత్తిపొడుపు కాదు. ఇద్దరమూ ఒకలాంటివాళ్లమే గదా అని చెప్పబోయాడు, అంతే. రాయప్ప దాన్ని ఓర్వలేకపోయాడు. ఒకలాంటివాళ్లం ఎట్లా అవుతాం? నువ్వేం పోగొట్టుకున్నావ్? నీ పెండ్లాం పొయ్యి దగ్గర ఉంది, నీ బిడ్డ హాస్టల్లో ఉంది. నేను ఇద్దరినీ ఒకే గుంతలో పెట్టి వచ్చాను.

మధ్యాహ్నం స్వామికి చెప్పాడు. అదే ఇటలీ స్వామి, అప్పటికి ముసలివాడు, చెవులు సరిగా వినబడవు. అంతా విని, కళ్లు మూసుకుని... ఈ చోటు దగ్గర రాయప్ప ఎప్పుడూ ఆగిపోతాడు. ముప్పై మూడేళ్లుగా ఆగిపోతున్నాడు, ఇక్కడికి రాగానే మనసు వేరే దారి పడుతుంది, కోడలి మీదికో పోపుగారి మీదికో పోతుంది. స్వామి ఏమన్నాడు? కాగితం చింపుకుని రమ్మన్నాడు. ఎల్లన్నకు అదే చెప్పాడు, సంఘంలో అదే చెప్పాడు, చెప్పి చెప్పి తానూ అదే నమ్మాడు. స్వామి అన్నది అది కాదు. స్వామి కళ్లు తెరిచి, తన వచ్చీరాని తెలుగులో, "రమ్మను. మాట్లాడదాం," అన్నాడు. రెండే మాటలు. వాటిలో కాగితం లేదు. చింపడం లేదు. రాయప్ప ఆ రెండు మాటలు పట్టుకుని ఎల్లన్న ఇంటికి నడిచాడు, నడుస్తుంటే దారిలో తమ క్వార్టరు వచ్చింది, లోపల పొయ్యి ఆరిపోయి ఉంది, చిన్నపిల్ల గుమ్మంలో ముక్కు కారుతూ కూర్చుని ఉంది. ఎల్లన్న ఇంటికి చేరేసరికి మాట మారిపోయింది. కాగితం చింపి రమ్మన్నడు స్వామి, అన్నాడు. ఎల్లన్న కాగితం చింపలేకపోయాడు. చింపితే పిల్ల ఇంటికి వస్తుంది. ఆరు నెలలకు ముసలి స్వామిని మార్చారు, కొత్తగా వచ్చినవాళ్లకు ఉపదేశి చెప్పిందే లెక్క. పదకొండేళ్లు ఎల్లన్న ప్రతి ఆదివారం వచ్చాడు, ప్రసాదం వేళకు తలవంచుకుని బయటికి పోయి కొళాయి దగ్గర నిలబడి, మళ్లీ లోపలికి వచ్చేవాడు. పాడటం మానేశాడు. ఎవరూ పాడొద్దనలేదు.

తొంభైలో పచ్చకామెర్లు. కళ్లు, గోళ్లు పసుపు పచ్చగా. కనకవ్వ మధ్యాహ్నం పూట పరుగెత్తుకొచ్చింది, అన్నా, మీ బావకు అవస్థ అభ్యంగనం చేయించాలె, పానం పోకముందే నూనె రాయించాలె, స్వామిని పిలువు అని. రాయప్ప సైకిలు తీశాడు. స్వామి దగ్గరికి పోలేదు, ముందు ఎల్లన్న దగ్గరికి పోయాడు. తప్పు ఒప్పుకుంటవా అని అడిగాడు, కాగితం తప్పని. ఎల్లన్న కప్పు వైపు చూసి, పిల్ల నర్సు పరీక్ష రాస్తున్నది బావా, రేపు చెప్త, అన్నాడు. సరే రేపే స్వామిని తీసుకొస్తనన్నాడు రాయప్ప. తెల్లవారేసరికి ఎల్లన్న లేడు. ఆజ్ఞ ప్రకారమే జరిగింది అనుకున్నాడు. నేను తప్పలేదు.

బయట మోటారుసైకిలు ఆగింది. ఫాదర్ గబగబా వచ్చాడు, చెమటతో, మెడలో ఊదారంగు పట్టీ వేసుకుంటూ, "ఆలస్యమైంది తాతా, ఏమనుకోకు," అంటూ కుర్చీలో కూర్చున్నాడు. రాయప్ప ఎదురుకుర్చీ పక్కకు జరిపి, రెండు చేతులూ దానిమీద ఆనించి, గచ్చుమీద మోకరించాడు.

"కుర్చీల కూసో తాతా, మోకాళ్లు నొస్తయ్."

"ఫర్వాలేదు స్వామీ."

చెప్పాడు. కోడలి మీద కోపం, తప్పిన జపం. తరువాత గురువారం సంగతి.  చావైన పాపం చేసిన స్వామీ, నరకానికి పోయేటిది, అన్నాడు. ఫాదర్ ముందుకు వంగి విన్నాడు. వినేటప్పుడు అతని మొహం నిజంగానే మెత్తబడింది, అది రాయప్ప చూశాడు.

"తాతా, దీంట్ల పాపమేమున్నది?" అన్నాడు ఫాదర్. "ఆ చట్టమే అన్యాయం. మన బిషప్పులే దానిమీద ఢిల్లీ దాక పోయి కొట్లాడుతున్నరు. నువ్వు దేవుణ్ణి ఇడిచిపెట్టినవా? లేదు గద. మనుమరాలి నోటికాడి బువ్వ నిలబెట్టినవు. దేవునికి తెల్వదా?"

"పాపం గాదా?"

"కాదు. ఫికర్ చెయ్యకు."

"ఇప్పుడే గాదా, అప్పట్ల గూడనా?"

"ఎప్పట్ల?"

"ముప్పై ఏండ్ల కింద. గిట్లనే ఎవలన్న చేసుంటే."

ఫాదర్ చిన్నగా నవ్వాడు. "అప్పుడైనా ఇప్పుడైనా దేవుడు ఒక్కడే గద తాతా," అని చెయ్యి ఎత్తి పాపవిమోచన జపం చెప్పాడు. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నాడు. ఇంత భారానికి మూడు జపాలు. రాయప్ప లేవడానికి కుర్చీ పట్టుకున్నాడు. దాన్ని పాపమంటాడనే వచ్చాడు. కోప్పడతాడని, చర్చి గుమ్మంలో మూడు ఆదివారాలు నిలబడమంటాడని, ఎంత పెద్ద శిక్ష వేస్తే అంత నిబ్బరంగా లేవవచ్చని వచ్చాడు. పాపమంటే గురువారం ఒక్కటే తన తప్పు. కాదంటే, కాదంటే మరి ఆ పదకొండేళ్లు ఏమిటి? పొయ్యి ముందు వెనక్కి తిరగకుండా మాట్లాడిన అన్నమ్మ ఏమిటి? ఈ కుర్రవాడు దయతో తలుపొకటి తీశాడు. ఆ తలుపు వెనక వాళ్లందరూ నిలబడి ఉన్నారు.

కనకవ్వ తన వంతు వచ్చిందని లేచింది. మధ్యదారిలో ఎదురుపడ్డారు. పక్కకు తప్పుకోవలసింది, రాయప్ప దారికి అడ్డంగానే నిలబడ్డాడు.

"చెల్లే, ఎల్లన్న చేసింది పాపం గాదట."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఎవలన్నరు?"

"ఫాదరన్నడు. మొన్న నేను గూడ గదే చేసిన. పిల్ల నౌకరి కోసం."

కనకవ్వ పక్కబల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. సంతోషపడుతుందని, కనీసం తిడుతుందని అనుకున్నాడు. ఆమె పీఠం వైపు చూస్తూ మాట్లాడింది, అతనితో కాదన్నట్టు.

"నాకు చెప్పుకునే పాపాలేమున్నయ్ అన్నా, ముసల్దాన్ని. ప్రతి శనివారం నేను ఆయనదే చెప్పుకుంటున్న. పోయేనాడు నా చెయ్యి వట్టుకొని అన్నడు, రాయప్ప బావ చెప్పిందే నిజం కనకం, నేను దేవుణ్ణి అమ్ముకున్న, నా తరపున నువ్వన్న అడుగు అని. ఫాదర్లు మారుతనే ఉన్నరు. ఒకరి పాపం ఇంకొకరు చెప్పొద్దవ్వా అని కొందరు కోపం జేసిండ్రు. అయినా చెప్పిన. ఇరువై మూడేండ్లు." కొంగు సర్దుకుంది. "పాపమే గాదంటే మరి ఆయన ఎందుకు గట్ల ఏడ్సుకుంట పోయిండన్నా?"

రాయప్ప దగ్గర సమాధానం ఉంది. ఆ ఒక్క సమాధానమే ఉంది, ముప్పై మూడేళ్లుగా.

"అవ్వా, జల్ది రా," అని ఫాదర్ పిలిచాడు. అతని ఫోను మోగుతోంది. కనకవ్వ తల అడ్డంగా ఊపింది. ఈ రోజు ఆమె దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. రాయప్ప వెనక్కి తిరిగాడు, ఆ నాలుగు అడుగులూ నడిచి మళ్లీ మోకరించాడు.

"ఏంది తాతా, ఏమన్న మర్చిపోయినవా?"

"మర్చిపోలే స్వామీ."

సంకీర్తనం గుసగుసగా చెప్పాలని, పక్కవాళ్లకు వినబడకూడదని మూడు తరాల పిల్లలకు నేర్పాడు. ఆ మాట ఇప్పుడు పాటించలేదు. ఎల్లన్న అనే మనిషి ఒకడుండె, అని మొదలుపెట్టాడు, ఖాళీ చర్చిలో గొంతు గోడలకు తగిలి తనకే పెద్దగా వినిపించేలా. "పాత స్వామి ఆయన్ని రమ్మన్నడు. మాట్లాడదామన్నడు. కాగితం చింపుమని స్వామి అనలే. అది నేనన్న." ఫాదర్ మోగుతున్న ఫోను చూడకుండానే ఆపేశాడు. వెనక కనకవ్వ లేచిన చప్పుడైంది, గచ్చుమీద అడుగులు పడ్డాయి. అవి తనవైపు వస్తున్నాయో గుమ్మం వైపు పోతున్నాయో రాయప్ప తల తిప్పి చూడలేదు. చెప్పడం ఆపలేదు.